పదిహేడు నిమిషాలు

సమేడాన్‌లో మార్చి నెల.
హ్యాంగర్ తలుపు సందులోంచి మంచుపొడి
పిలవని పేరంటానికొచ్చినట్టు లోపలికొచ్చి
నా బూట్ల పక్కన కూర్చుంది.

బల్ల మీద రెండు లాగ్‌బుక్కులు.
ఒకటి ఇటుకంత లావు.
ఒకటి పలచన, అట్ట మీద కాఫీ కప్పు అడుగు ముద్ర.

జ్యూరిక్ నుంచి ఇన్సూరెన్సు ఆయన ఫోను:
"ఏ సీటుకైనా సరే, మూడు వేల గంటలకు తక్కువైతే
కష్టం, లదీనా గారూ."
ఆయన చేతులు ఏనాడూ గాలి బరువు మోయలేదు.
అయినా ఆయనది కాకిలెక్క అనను.
చచ్చిపోయినవాళ్ల పట్టికలోంచి
ఏరుకొచ్చిన అంకె అది.

లావు పుస్తకం రేతో కమథియాస్‌ది.
తొమ్మిది వేల నాలుగు వందలు.
ఆవగింజలు పేర్చినట్టు రాత.
ఆటోపైలట్ నడుపుతూ ఉంటే
సూపు చల్లారిందన్న ఒక్క ఫిర్యాదుతో
తెల్లారిపోయిన అట్లాంటిక్ రాత్రులు.

పలచటిది ఓర్షోయా బెంత్సెది.
పద్నాలుగు వందల అరవై.
హంగరీలో పొద్దుతిరుగుడు చేల మీద
మందు చల్లిన గంటలు,
కరెంటు తీగల కింద దూరి బయటపడ్డ గంటలు,
ఆ పైన ఒక చిన్న జెట్టు, కుడి సీటు.

ఇద్దరినీ ఒకటే అడిగాను:
"ఈ పుస్తకంలో లేని ప్రయాణం చెప్పండి.
వద్దన్నది. ఎక్కనిది."

కమథియాస్ నీళ్లు నమల్లేదు.
"నా బదులు కంపెనీ వద్దనేది,
నాకు కాగితం వచ్చేది.
ఇరవై రెండేళ్లలో ఆ మాట
నా నోటితో నేను అనాల్సి రాలేదు."
ఆ నిజానికి ఒక వెయ్యి గంటలు
మనసులోనే కలిపాను.

ఓర్షోయా చేతులు బల్ల కింద దాచుకుంది.
"బోల్జానోలో. డిసెంబరు. ఇక్కడికే రావాలి,
ఈ లోయ మీద మబ్బు మూత.
కెప్టెన్ సరేనన్నాడు. నేను సీట్లో కూర్చోలేదు.
ఇద్దరు లేందే అది లేవదు.
యజమాని పొద్దున డబ్బు చూపించాడు,
మధ్యాహ్నం వేలు చూపించాడు,
సాయంత్రం తలుపు."

"మరి మబ్బు?"

"మూడింటికల్లా విడిపోయింది," నవ్వింది.
"బయల్దేరి ఉంటే దిగేవాళ్లమే."

నా పుస్తకం బీరువాలో ఉంది.
పదకొండు వేల చిల్లర.
అందులో ఒక గీత: ఫిబ్రవరి, పదిహేడు నిమిషాలు.
మబ్బు విడుతుందనే ఆ రోజూ అనుకున్నాను.
కుడి సీట్లో ఫ్లురిన్,
"వెనక్కి పోదాం" అని రెండుసార్లు అన్నాడు.
నావి అప్పటికి ఆరు వేలు,
అతనివి ఎనిమిది వందలు.
ఎనిమిది వందలు మాట్లాడాయి,
ఆరు వేలకు చెవుడు.
విచారణలో నా గంటలు తిరగేసి
నన్ను మర్యాదగా వదిలేశారు.
ఫ్లురిన్ ఇప్పుడు కూర్‌లో గడియారాలు బాగుచేస్తాడు,
ఎడమ చేత్తో.

ఫోను తిరిగి కలిపాను.
"ఎడమ సీటు కమథియాస్. కుడి సీటు బెంత్సె.
రాసుకోండి."
"ప్రీమియం పెరుగుతుంది."
"పెరగనివ్వండి.
మా సిమెంటు యజమాని ఒక్క రాత్రి షాంపేన్ తగ్గిస్తే సరి.
ఇంకో షరతు కూడా రాయండి:
కుడి సీటు వద్దంటే
ఎడమ సీటు ఎందుకని అడక్కుండా దిగాలి."

కాసేపు గీగీమన్న చప్పుడు.
"మా ఫారంలో దానికి గడి లేదండీ."

"గీయండి," అన్నాను.

బయట కమథియాస్
సూట్‌కేసు మీద కూర్చుని
మెడ వెనక్కి వాల్చి మబ్బుకేసి చూస్తున్నాడు,
చేతిలో ఏ కాగితమూ లేకుండా.